మిస్కాంథస్ గడ్డి: పచ్చగా ఉండగానే కోసేయాలా, ఎండేదాకా ఆగాలా?

ప్రశ్న: బాయిలర్‌కు ఇంధనంగా అమ్మే ఉద్దేశంతో ఆరు హెక్టార్లలో మిస్కాంథస్ దుంపలు నాటాను. ఇది మూడో ఏడు. మొదటి ఏడు వచ్చిన కాస్త గడ్డిని కొట్టి పొలంలోనే వదిలేశాను. రెండో ఏడు కూడా పెద్దగా రాలేదు. ఈసారి పైరు మూడు మీటర్లు దాటింది. కింది ఆకులు ఎండిపోయాయి, పై భాగం ఇంకా పచ్చగానే ఉంది. బేలర్ (గడ్డిని బిగించి బేళ్లుగా, అంటే కట్టలుగా కట్టే యంత్రం) ఉన్న కాంట్రాక్టరు ఈ నెలలోనే ఖాళీ అంటున్నాడు. ఆలస్యం చేస్తే మూడో వంతు దిగుబడి రాలిపోతుందని తోటి రైతు భయపెడుతున్నాడు. కొనేవాళ్లేమో తేమ 20 శాతం లోపే ఉండాలంటున్నారు. ఎప్పుడు కోయాలి? ముక్కలు కొట్టించాలా, బేళ్లు కట్టించాలా? కోశాక ఆరు నెలలు నిల్వ ఉంటుందా? ఎవరి మాట వినాలో తేలక టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడు కోయించకండి. పై ఆకులు పచ్చగా ఉన్నాయంటే పైరు తన పని ఇంకా ముగించలేదు. కాంట్రాక్టరు ఖాళీగా ఉన్నాడని ఆ పనికి మధ్యలో అడ్డం పడితే ఈ ఏడు సరుకు చెడటమే కాదు, వచ్చే ఏడు పిలకల మీదా ఆ దెబ్బ పడుతుంది.

మీ తోటి రైతు చెప్పింది అబద్ధం కాదు. ఎదుగుదల ఆగిన రోజున పైరులో ఉన్న ఎండు పదార్థంతో (నీళ్లు పోగా మిగిలే బరువుతో) పోలిస్తే, పూర్తిగా ఎండి కోతకు వచ్చేసరికి మూడో వంతు దాకా తగ్గుతుంది. గాలివానలు ఎక్కువైన ఏడు అంతకు మించి కూడా పోవచ్చు. హెక్టారుకు 15 టన్నుల ఎండు పదార్థం ఉన్న పైరు 10 టన్నులకు దిగుతుందంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ రాలిపోయేది ఏమిటో చూడాలి. అది చాలావరకు ఆకు, కాడల చివర్లు. కాడతో పోలిస్తే ఆకులో బూడిద ఎక్కువ. నత్రజని, పొటాషియం, క్లోరిన్ కూడా ఎక్కువే. పొటాషియం ఎక్కువైతే బూడిద తక్కువ వేడికే మెత్తబడి కరుగుతుంది. చల్లారాక రాయిలా గడ్డకట్టి గ్రేటుకు, అంటే ఇంధనం కాలే ఇనుప జల్లెడకు, అతుక్కుంటుంది. క్లోరిన్ బాయిలర్ లోపలి గొట్టాలను తినేస్తుంది. కొనేవాళ్లు తేమతో పాటు బూడిద, క్లోరిన్ కూడా పరీక్ష చేయించేది ఇందుకే. పైరు నిలబడి ఉండగా పడే వానలు కాడల్లో మిగిలిన పొటాషియాన్ని, క్లోరిన్‌ను కూడా కొంత కడిగేస్తాయి. కాబట్టి మీరు పోగొట్టుకుంటున్నది బాయిలర్ వద్దనుకునే బరువు. ఆ రాలిన ఆకు కూడా వృథా పోదు. నేల మీద పరుచుకుని కలుపును అణిచిపెడుతుంది, కుళ్లి నేలలో కలుస్తుంది.

ఇక నీళ్ల సంగతి. పచ్చిగా ఉన్నప్పుడు ఈ గడ్డిలో సగం బరువు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నీళ్లే. పూర్తిగా ఎండిన కిలో మిస్కాంథస్ కాలిస్తే సుమారు 17.5 మెగాజౌళ్ల వేడి వస్తుంది. అదే 15 శాతం తేమ ఉంటే సుమారు 14.5 వస్తుంది. తేమ 50 శాతం ఉంటే ఏడున్నరకు పడిపోతుంది. ఎందుకంటే కాలేది సగమే, అందులోంచి కొంత వేడి మళ్లీ ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. అంటే పచ్చి సరుకు రెండు లారీలు తోలినా ఎండు సరుకు ఒక్క లారీతో వచ్చే వేడికి కాస్త అటూ ఇటూగా ఉంటుందంతే. కిరాయి మాత్రం రెండు లారీలకూ కట్టాలి. కొనుగోలు ఒప్పందంలో ధర తూకం బరువు మీదా, ఎండు పదార్థం మీదా అన్నది ఒకసారి చదివి చూసుకోండి. ఎండు పదార్థం మీద అయితే నీళ్లకు పైసా రాదు. తూకం మీదే అయినా 20 శాతం దాటితే లోడు వెనక్కి పంపే హక్కు వాళ్లు పెట్టుకునే ఉంటారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది దుంప సంగతి. ఇంధనం కోసం ఎక్కువగా వేసే జెయింట్ మిస్కాంథస్‌కు గింజ కట్టదు. రెండు జాతుల మధ్య సహజంగా పుట్టిన సంకరం అది. మూడు సెట్ల క్రోమోజోములతో గొడ్డు మొక్కగా మిగిలింది. 1935లో డెన్మార్క్‌కు చెందిన అక్సెల్ ఓల్సెన్ జపాన్ నుంచి తెచ్చిన మొక్కతో యూరప్‌లో దాని సాగు మొదలైంది. గింజ లేదు కాబట్టి దాని పెట్టుబడి అంతా నేలలోని దుంపే. ఎదుగుదల ఆగాక ఆకుల్లో, కాడల్లో ఉన్న నత్రజని, ఇతర పోషకాలను మొక్క కిందికి దించి దుంపలో దాచుకుంటుంది. వచ్చే ఏడు మొదటి పిలకలు ఆ నిల్వ తినే లేస్తాయి. మిగతా పైర్లతో పోలిస్తే దీనికి ఎరువు ఇంత తక్కువ సరిపోవడానికి ముఖ్య కారణం కూడా అదే. పచ్చగా ఉండగా కోస్తే ఆ నిల్వను పొలం నుంచి లారీలో ఎక్కించి పంపేసినట్టే. చక్కగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు కోతకొచ్చే తోట ఇది. మీది మూడో ఏడు, దుంప ఇంకా పూర్తిగా బలపడలేదు. తొందరపడటానికి ఇంతకన్నా చెడ్డ సమయం లేదు.

పచ్చగా కోసే పద్ధతి లేదని కాదు. బయోగ్యాస్ ప్లాంటు కోసమైతే పచ్చిగానే కోసి, ముక్కలు చేసి, పాతరేస్తారు. అక్కడ తేమ కావాలి. ఆ దారిలో వెళ్లేవాళ్లు పోయిన పోషకాలను ఎరువుగా తిరిగి వేయాలి, ఎంత తొందరగా కోస్తే దుంప అంత నీరసపడుతుందని లెక్కలో పెట్టుకోవాలి. మీ సరుకు వెళ్లేది బాయిలర్‌లోకి కాబట్టి దాన్ని ఇంతటితో వదిలేద్దాం.

మరి ఎప్పుడు? దీనికి తేదీ చెప్పడం కుదరదు. గట్టి మంచు పడే ప్రాంతాల్లో చలికి పై భాగం చచ్చిపోయి, శీతాకాలమంతా నిలబడే ఎండుతుంది. శీతాకాలం చివర నుంచి వసంతం మొదట్లోపు కోతకు వస్తుంది. మంచు పడని చోట పైరు ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది, నేలలో తడి తగ్గితేగానీ ఎండదు. అందుకని క్యాలెండర్‌ను పక్కన పెట్టి కాడనే అడగండి.

పొలం అంచున ఉన్న కాడలు చూసి మోసపోవద్దు. వాటికి గాలి బాగా తగిలి ముందే ఎండుతాయి. లోపలికి వెళ్లి, నాలుగైదు చోట్ల నుంచి, నేలకు పది సెంటీమీటర్ల పైన కొన్ని కాడలు కోయండి. తేమ ఎక్కువ నిలిచేది అడుగు కణుపుల్లోనే. అడుగు నుంచి రెండు మూడు కణుపులు కత్తితో నిలువునా చీల్చండి. లోపలి బెండు తెల్లగా, తేలికగా, గోటితో గీరితే పొడిపొడిగా రాలితే సిద్ధమవుతోందని అర్థం. గోరు గుచ్చినప్పుడు చల్లగా తడి తగిలినా, కాడ విరిస్తే ఫట్‌మని తెగకుండా నారగా సాగినా ఇంకా ఆగాలి. ఆపైన సరైన పరీక్ష చేయండి. కాడలు మొత్తం, పైనుంచి కిందిదాకా ముక్కలు చేసి, 500 గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఉంచండి. 420 గ్రాములు మిగిలితే తేమ 16 శాతం. బేల్‌లోకి గుచ్చి చూసే మీటర్లు ఉంటాయి, పనికొస్తాయి. అయితే అవి మామూలు గడ్డికి సరిచేసి ఉంటాయి. ఒకసారి ఓవెన్ లెక్కతో పోల్చుకుని తేడా ఎంతో రాసి పెట్టుకోండి. కొనేవాళ్లు 20 అన్నా, మీరు 15, 16 మీద గురిపెట్టండి. మధ్యలో ఒక వాన పడినా తట్టుకోవడానికి ఆ తేడా ఉపయోగపడుతుంది.

ఆగమన్నాను కదా అని మరీ ఆగినా చిక్కే. దుంప నుంచి కొత్త పిలకలు లేవడం మొదలైతే గడువు దగ్గర పడ్డట్టు. ట్రాక్టర్ చక్రాల కింద ఆ పిలకలు విరుగుతాయి. అవి మీ కోత ఎత్తును దాటి ఎదిగాయంటే వాటి పచ్చి కొసలు ఎండు సరుకులో కలిసి, ఇన్నాళ్లు ఆగి తగ్గించుకున్న తేమను, క్లోరిన్‌ను మళ్లీ లోపలికి తెస్తాయి. కాడ ఎండిన రోజుకీ పిలక లేచే రోజుకీ మధ్య ఉన్న కొద్ది వారాలే మీ కోత కాలం. అందులో మళ్లీ నేల గట్టిగా ఉన్న రోజులే లెక్క. ఈ తోటను ఏళ్ల తరబడి దున్నరు. తడి నేల మీద బరువైన బేలర్, ట్రాలీ తిరిగితే అణిగిపోయిన నేలను గుల్ల చేసే అవకాశం మీకు రాదు, దుంపలు అక్కడే నలిగిపోతాయి. పొలంలో నీరు నిలిచే పల్లం ఉంటే దాన్ని చివరికి వదిలేయండి. నేల గడ్డకట్టే చలి ఉన్న చోట తెల్లవారుజామున పని పెట్టుకోవడం మంచి ఉపాయం.

ముక్కలా, బేళ్లా అన్నది బాయిలర్ ఎంత దూరంలో ఉంది, అది ఏం తింటుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొక్కజొన్న కోసే పెద్ద ఫోరేజ్ హార్వెస్టర్‌కు, వరుసలతో పనిలేకుండా కోసే హెడర్ (ముందుండే కోత భాగం) తగిలిస్తే నిలబడ్డ కాడను కోసి, ముక్కలు కొట్టి, పక్కన నడిచే ట్రాలీలో పోస్తుంది. గడ్డి నేలను తాకదు కాబట్టి మట్టి అంటదు. ఒకే దఫాలో పని అయిపోతుంది. కానీ ముక్కలు చాలా తేలిక. క్యూబిక్ మీటరుకు 100 కిలోల లోపే ఉంటాయి చాలాసార్లు. లారీ నిండుతుంది గానీ బరువు ఎక్కదు. నిల్వకు పెద్ద షెడ్డు కావాలి. పెద్ద చదరపు బేళ్లయితే క్యూబిక్ మీటరుకు 130 నుంచి 160 కిలోల దాకా బిగుస్తాయి. ఒక్కోటి 500 కిలోల పైచిలుకు తూగుతుంది. పెద్ద ప్లాంట్లు చాలావరకు చదరపు బేళ్లనే అడుగుతాయి, లారీలో ఖాళీ లేకుండా పేరుస్తాయి కాబట్టి. మీరు ఆరు నెలలు నిల్వ పెట్టాలంటున్నారు, కాబట్టి నా ఓటు చదరపు బేళ్లకే. కొనేవాళ్ల యంత్రం ఏ కొలత బేల్ తీసుకుంటుందో కనుక్కున్నాకే బేలర్ మాట్లాడుకోండి. హెక్టారుకు 10 టన్నుల ఎండు పదార్థం వస్తుందనుకుంటే ఆరు హెక్టార్లకు 16 శాతం తేమతో 71 టన్నులు, అంటే 140 బేళ్ల చిల్లర. లారీలు, నిల్వ చోటు ఈ లెక్కతో చూసుకోండి.

బేళ్లంటే ముందు కోసి పరచాలి. దీనికి కండిషనర్ ఉన్న మోవర్ (గడ్డి కోసే యంత్రం) కావాలి. ఉత్త మోవర్‌తో కోస్తే కాడలు మూడు మీటర్ల కర్రల్లా పడిపోతాయి, బేలర్‌లోకి ఎక్కవు. కండిషనర్ వాటిని చితక్కొట్టి, విరిచి పడేస్తుంది. అప్పుడే బేల్ బిగుస్తుంది, మిగిలిన తేమా త్వరగా ఆరుతుంది. కానీ చితికిన కాడ వాన నీటిని కూడా అంతే త్వరగా పీల్చుకుంటుంది. నిలబడి ఉన్న కాడ వానకు తడిసినా గాలికి ఆరిపోతుంది. నేల మీద పరిచిన వరుస మాత్రం తడిస్తే రోజుల తరబడి ఆరదు. అందుకని ఒకటి రెండు రోజుల్లో బేల్ కట్టగలిగినంత మేరకే కోయించండి. మొత్తం ఒకేసారి కోసి పడేస్తానని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోవద్దు.

కోత ఎత్తు పది సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. ఇంకా కిందికి దించితే బ్లేడు మట్టిని, రాళ్లను ఎగరేస్తుంది. అలాగని ఇరవై, ముప్పై దాకా వదిలేస్తే బరువైన అడుగు కాడ పొలంలోనే ఉండిపోతుంది. పైరు గాలికి ఒకవైపు వాలి ఉంటే వాలుకు ఎదురుగా కోయమనండి. కోశాక మిగిలే కొయ్యకాళ్లు గట్టిగా, పదునుగా ఉంటాయి. మామూలు టైర్లు పంక్చరై, మంచి ఎండ రోజు ఒకటి వృథా అవుతుంది. గట్టి టైర్లున్న ట్రాక్టరేనా అని ముందే అడగండి. మొక్కలు చచ్చి ఖాళీలు పడ్డ చోట పచ్చి కలుపు ఉంటుంది కదా, దాన్ని విడిగా కొట్టేసి పక్కన పెట్టండి. అలాంటి మూట ఒకటి బేల్ మధ్యలో ఇరుక్కుంటే అక్కడి నుంచే వేడెక్కుతుంది.

బేలర్ దగ్గర చాలామంది చేసే తప్పు ఒకటుంది. నేల మీద ఒక్క పరక కూడా మిగలకూడదని పికప్‌ను, అంటే గడ్డిని ఎత్తి లోపలికి అందించే బేలర్ ముందు భాగాన్ని, బాగా కిందికి దించుతారు. అది రాలిన పాత ఆకును, దానితో పాటు మట్టిని గీకి బేల్‌లోకి నెడుతుంది. శీతాకాలమంతా ఆగి వదిలించుకున్న బూడిదను మళ్లీ మన చేత్తోనే కట్ట కట్టడమే అది. పికప్ కొయ్యకాళ్ల పైన ఆడేలా పెట్టించండి. వరుసలు కలపడానికి రేక్ (గడ్డిని గీకి పోగుచేసే పరికరం) వాడటం కూడా మానుకోండి. మోవరే ఒక వరుసలో పడేసేలా అమర్చుకోవచ్చు. వరుస చాలా మందంగా ఉంటుంది కాబట్టి బేలర్‌ను మెల్లగా, ఒకే వేగంతో నడపాలి. మంచు బిందువులు ఆరాకే మొదలుపెట్టాలి. ఈ కాడలకు స్ప్రింగులా తిరగబడే గుణం ఉంది. బలమైన పురికొస వాడకపోతే కట్టు తెగి బేల్ విచ్చుకుంటుంది. మొదటి నాలుగైదు బేళ్లు పడగానే ఆపించి మీరే చూడండి. పురికొస కింద వేళ్లు దూరనంత బిగువు ఉండాలి. బేల్ పక్క భాగాన్ని చేత్తో రాస్తే మట్టి చేతికి అంటకూడదు. మీటర్‌ను బేల్ మధ్యదాకా గుచ్చి రెండు మూడు చోట్ల తేమ చూడండి. తేడా ఉంటే అక్కడే సరిచేయించుకోవచ్చు.

నిప్పు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఎండిన మిస్కాంథస్ ధూళి ఎంత తేలిగ్గా అంటుకుంటుందంటే, వేడెక్కిన ఒక్క బేరింగ్ చాలు. బేలర్ మీద, ట్రాక్టర్ ఇంజన్ చుట్టూ చేరిన పొట్టును మధ్యమధ్య ఆపి దులిపించండి. మంటలార్పే సిలిండర్ ట్రాక్టర్‌లో ఉండాలి, నీళ్ల ట్యాంకరు పొలం గట్టున ఉండాలి. పొలంలో బీడీ, సిగరెట్ ఎవరు వెలిగించినా పని ఆపేయండి. నిలబడి ఎండిన పైరుకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఆరు నెలల నిల్వకు ఇబ్బంది లేదు, తేమ 16 దరిదాపుల్లో ఉంటే. 20 దాటిన బేళ్లను వామిలో కలపవద్దు. సూక్ష్మజీవులు పనిచేసి బేల్ లోపల వేడి పుడుతుంది. బూజు పడుతుంది, బరువు తగ్గుతుంది, మరీ ముదిరితే వామి దానంతటదే అంటుకుంటుంది. అలాంటి బేళ్లు విడిగా, గాలి తగిలేలా పెట్టి ముందుగా పంపేయండి. షెడ్డు ఉంటే మేలు. ఆరుబయటైతే నీరు నిలవని మెరకలో, చెక్క పలకల మీదో కంకర మీదో పేర్చి, పైన పట్టా కప్పండి. పక్కలు మూయకండి, ఆవిరి బయటికి పోవాలి. ఏ రక్షణా లేకుండా వదిలేస్తే పై వరుస వానకు, కింది వరుస నేల తడికి పాడవుతాయి. అంతా ఒకే వామి వేయకుండా రెండు మూడుగా, మధ్య బాగా ఎడం వదిలి, ఇళ్లకు, కరెంటు తీగలకు దూరంగా వేయండి. మొదటి కొన్ని వారాలు ఇనుప చువ్వ ఒకటి లోపలికి గుచ్చి ఉంచి, తీసి పట్టుకుని చూస్తుండండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే థర్మామీటర్‌తో కొలవండి. 60 డిగ్రీలు దాటిందంటే మీరే వామి పీకే పని పెట్టుకోకండి. లోపలికి గాలి దూరగానే భగ్గుమంటుంది. అగ్నిమాపక సిబ్బందిని పిలిచి, వాళ్లు పక్కన ఉండగానే విప్పించాలి. బూజు పట్టిన బేళ్ల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, వాటిని కదిపేవాళ్లకు మంచి మాస్కు ఇవ్వండి.

ఇక కాంట్రాక్టరు. తర్వాత దొరకనని ఆయన అన్నది నిజమా కాదా మళ్లీ ఒకసారి అడగండి. పెద్ద చదరపు బేలర్లకు అసలు గిరాకీ ధాన్యం పైర్ల గడ్డి కట్టేటప్పుడు. ఆ సీజన్ అయిపోయాక చాలా బేలర్లు షెడ్డులోనే ఉంటాయి, మిస్కాంథస్ కోత సాధారణంగా ఆ ఖాళీలోనే వస్తుంది. తేదీ కాకుండా గడువు మాట్లాడుకోండి: పైరు 16 శాతానికి దిగిందని మీరు ఫోన్ చేసిన రోజు నుంచి ఇన్ని రోజుల్లోపు రావాలి అని. రేటు హెక్టారుకు కాకుండా బేల్‌కు మాట్లాడుకుంటే వదులు బేళ్లు కట్టి లెక్క పెంచే అవకాశం ఉంటుంది. అందుకని టన్నుకింత అని, తేమ 20 దాటిన బేళ్లకు డబ్బు లేదని కాగితం మీద రాయించుకోండి. ఆయన ఒప్పుకోకపోతే ఇప్పటి నుంచే ఇంకొకరిని వెతకండి, పై ఆకులు పూర్తిగా ఎండేదాకా మీకు ఇంకా సమయం ఉంది.